పాత మడత కయాక్: నీళ్ల మీదకా, గోడ మీదకా?

తర్వాత చదివేవాళ్లకు కూడా పనికొస్తుందని మీ ప్రశ్నను ముందు కుదించి చెప్తాను. మీ ఇంట్లో ఒక పెద్దాయన వాడిన ఇద్దరు కూర్చునే మడత కయాక్ (ముక్కలుగా విప్పి సంచుల్లో సర్దుకోగల సన్నటి తెడ్డు పడవ) రెండు సంచుల్లో దొరికింది. చెక్క చట్రం, పైన గుడ్డ డెక్, కింద రబ్బరు అడుగు; ఈ రెండూ కలిసిందే చట్రాన్ని కప్పే తొడుగు. ఏ కంపెనీదో తెలియదు. చెక్కను తెల్లగా గీకి కొత్త వార్నిష్ వేయాలని, పాత తొడుగు పారేసి కొత్తది కుట్టించాలని, తెరచాప బిగించాలని, నీళ్ల మీదకు వెళ్లని రోజుల్లో హాల్లో పైకప్పుకు వేలాడదీయాలని మీ ఆలోచన. ఒకే పడవతో ఇవన్నీ కుదురుతాయా అని అడిగారు.

చాలావరకు కుదురుతాయి. కానీ మీరు చేసే ప్రతి మార్పూ విప్పి పక్కన పెట్టగలిగేలా ఉండాలి. చట్రానికి కొత్త రంధ్రం పడకూడదు, పాత తొడుగు చెత్తబుట్టలోకి పోకూడదు. ఈ రెండూ పాటిస్తే తెరచాప కట్టినా, ఎర్ర డెక్ వేయించినా నాకు అభ్యంతరం లేదు. మీరు చెప్పినవాటిలో నేను గట్టిగా వద్దనేది చెక్కను తెల్లగా గీకడం. ఎందుకో కింద చెప్తాను.

మామూలు చెక్క పడవకు ఈ షరతు పెడితే అన్యాయం. మడత కయాక్‌కు మాత్రం ఇది సహజంగా సరిపోతుంది, ఎందుకంటే అది పుట్టిందే ముక్కలుగా విప్పడానికి. 1905లో మ్యూనిక్‌లో ఆల్ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి మొదటి మడత పడవను తయారుచేసుకుని ఈజార్ నది మీద నడిపాడు. 1907లో ఆ డిజైన్ హక్కులు తీసుకున్న యోహాన్ క్లెపర్ జర్మనీలోని రోజెన్‌హైమ్‌లో దర్జీ. వడ్రంగి కాదు, దర్జీ. ఈ పడవలో సగం పని గుడ్డది, కుట్టుది అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు. గుడ్డ అరుగుతుంది, మారుతుంది. చట్రం నిలుస్తుంది. 1932లో జర్మనీలోని ఉల్మ్ నుంచి బయల్దేరి, మన దేశ తీరం వెంబడి కూడా వచ్చి, 1939లో ఆస్ట్రేలియా సరిహద్దు దీవులకు చేరిన ఓస్కర్ స్పెక్ అంత దూరమూ ఒకే పడవతో వెళ్లలేదు. దారిలో కొత్త పడవలు తెప్పించుకున్నాడు. కాబట్టి తొడుగు మార్చడం ఈ పడవల సంప్రదాయానికి విరుద్ధమని ఎవరైనా అంటే పట్టించుకోకండి. మార్చండి, పాతది మాత్రం దాచండి.

ఇక పనిలోకి. ఏదీ శుభ్రం చేయకముందే రెండు సంచులూ ఒక పాత దుప్పటి మీద విప్పి ప్రతి ముక్కకూ ఫొటో తీయండి. మట్టి, ఇసుక, లోపల అంటుకున్న కాగితం ముక్క, అన్నీ అలాగే ఉండగా తీయాలి. పక్కన ఒక స్కేలు పెట్టండి. చాలామంది తయారీదార్లు రిబ్బుల మీద (అంటే పడవకు అడ్డంగా నిలబడే ప్లైవుడ్ చట్రాల మీద) అంకెలు గానీ రంగు చుక్కలు గానీ వేసేవారు, ఏది ఏ స్థానంలో కూర్చోవాలో తెలియడానికి. కొందరు కంపెనీ ముద్ర వేసేవారు. మీ పడవ చరిత్రకు మీ దగ్గరున్న ఆధారం దాదాపు అదొక్కటే. ఇసుక కాగితంతో తెల్లగా గీకితే మొదట పోయేది అదే. పాత వార్నిష్ అక్కడక్కడా పొరలు లేచి, నల్లబడి, చూడ్డానికి బాగుండకపోవచ్చు. అయినా ఆ ముద్ర దాని కిందే ఉంటుంది.

కంపెనీ తెలియకపోయినా కాలం అంచనా వేయవచ్చు. పడవ రెండు పక్కల పైఅంచు వెంట తొడుగు లోపల గాలి నింపే పొడవాటి గొట్టాలున్నాయేమో చూడండి. క్లెపర్ వాళ్లు 1950ల మొదట్లో తెచ్చిన ఏరియస్ మోడల్‌తో ఈ పద్ధతి పేరుకెక్కింది. చట్రాన్ని లోపలికి తోసేటప్పుడు తొడుగు వదులుగా ఉంటుంది, తర్వాత గొట్టాల్లో గాలి నింపితే బిగుస్తుంది. మునిగినప్పుడు తేలడానికీ పనికొస్తుంది. గొట్టాలు లేకుండా, చట్రం మధ్యలో బలంగా తొక్కి నొక్కితే తప్ప తొడుగు బిగియని పడవ అయితే అంతకంటే పాతదయ్యే అవకాశం ఎక్కువ. ఎక్కువ అంటున్నాను, ఖాయం అనడం లేదు. గొట్టాలు లేని పడవలు ఆ తర్వాత కూడా వచ్చాయి. అల్యూమినియం గొట్టాల చట్రమైతే మరో కథ. సోవియట్ కాలం తైమెన్ లాంటి పడవలు ఆ రకం. మీది చెక్క అన్నారు కాబట్టి దాన్ని వదిలేస్తున్నా.

మీ పడవ మీద సైన్యం గుర్తులు, స్టోర్ నంబర్లు కనిపిస్తే మాత్రం అక్కడితో ఆగండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ రకం పడవలతో పెద్ద పెద్ద దాడులు జరిగాయి. 1942 డిసెంబర్‌లో ఫ్రాన్స్‌లోని బోర్డో రేవు మీద బ్రిటిష్ మెరీన్లు చేసిన ఆపరేషన్ ఫ్రాంక్‌టన్‌కు కాకిల్ మార్క్ 2 అనే, ప్లైవుడ్ అడుగు, గుడ్డ పక్కలు ఉన్న పడవలు వాడారు. బయల్దేరిన పదిమందిలో ప్రాణాలతో మిగిలింది ఇద్దరే. 1943లో సింగపూర్ రేవులో జరిగిన ఆపరేషన్ జేవిక్ కూడా మడత పడవల మీదే. అలాంటి పడవకు కొత్త వార్నిష్ కాదు కదా, సబ్బు కూడా పెట్టకుండా ముందు ఒక మ్యూజియం వాళ్లకు చూపించాలి. అలాగే ఒక్కరే కూర్చునే, బాగా సన్నగా పొడుగ్గా ఉన్న పాత రేసింగ్ పడవ దొరికినా అంతే. ఒలింపిక్స్‌లో మడత కయాక్‌లకు ప్రత్యేక పోటీ ఒక్కసారే జరిగింది, 1936 బెర్లిన్‌లో, పది వేల మీటర్లు. ఆ కాలపు రేసింగ్ పడవలు మామూలుగా ఎదురుపడవు. మీది ఇద్దరు కూర్చునే టూరింగ్ పడవ, ఆ రకం వేలల్లో తయారైంది. కాబట్టి ఆ టెన్షన్ మీకు లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న రబ్బరుది. మీ నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడతాయి. సహజ రబ్బరు గాలిలోని ఆక్సిజన్‌కు, ఓజోన్‌కు, ఎండకు చెడిపోతుంది. చెడిపోవడం రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి, గట్టిపడి సన్నటి పగుళ్లు రావడం. ఇవి మడత పడ్డ చోట, సాగి ఉన్న చోట ముందుగా వస్తాయి. రెండోది, మెత్తబడి జిగురుగా మారడం. మొదటి రకం తొడుగును ప్రదర్శనకు వాడుకోవచ్చు. రెండో రకాన్ని దేనికీ వాడలేం, తాకిన ప్రతిదానికీ అంటుకుంటుంది.

పరీక్ష సులువే. గది వేడిగా ఉన్నప్పుడు (చలిలో గట్టిబడ్డ రబ్బరును వంచితే లేని పగుళ్లు మీరే తెప్పించినవాళ్లవుతారు) కాక్‌పిట్ (మనుషులు కూర్చునే ఖాళీ) దగ్గర పెద్దగా కనపడని అంచును నెమ్మదిగా వంచి, భూతద్దంతో చూడండి. పైపొరలోనే వల లాంటి గీతలుంటే ఫరవాలేదు. పగుళ్ల అడుగున గుడ్డ దారాలు కనిపిస్తే ఆ తొడుగు నీళ్ల మీద పని ముగించుకున్నట్టే. ఇంకా అనుమానం ఉంటే చిన్న రబ్బరు పట్టీ ఒకటి అతికించి, పూర్తిగా ఆరనిచ్చి, లాగి చూడండి. పట్టీ ఒక్కటే ఊడొస్తే మీ అతుకు బాగా లేదు, మళ్లీ ప్రయత్నించవచ్చు. పట్టీతో పాటు పడవ రబ్బరు పొర కూడా లేచి వస్తే మీ అతుకు బాగానే ఉంది, పడవ రబ్బరే పోయింది. అలాంటి అడుగుకు ఎన్ని అతుకులు వేసినా ఏరు మధ్యలో ఊడతాయి. పైన రబ్బరు పెయింట్ పూసి మళ్లీ బతికిస్తామనే సలహాలు మీకు చాలానే వస్తాయి. ఒక్క సీజన్ నల్లగా నిగనిగలాడుతుంది, తర్వాత పొరలు పొరలుగా రాలుతుంది. పైగా అసలు ఉపరితలం ఇక ఎప్పటికీ కనపడదు.

అడుగు సహజ రబ్బరా, హైపలానా (ఒక కృత్రిమ రబ్బరు), పీవీసీనా అన్నది కూడా తేల్చుకోవాలి. జిగుర్లు వేరు. రబ్బరుకు, హైపలాన్‌కు రెండు భాగాలు కలిపి వాడే రబ్బరు జిగురు పనిచేస్తుంది. పీవీసీకి అది పట్టదు, పాలియురెథేన్ జిగురు కావాలి. తూర్పు జర్మనీలోని పౌష్ కంపెనీ పడవల్లో పీవీసీ తొడుగులు తరచుగా కనిపిస్తాయి. హైపలాన్ పేరుతో ఆ పదార్థాన్ని తయారుచేసిన డ్యూపాంట్ 2010లో ఉత్పత్తి ఆపేసింది. ఇప్పుడు అదే రకం పదార్థాన్ని వేరే తయారీదార్లు వేరే పేర్లతో అమ్ముతున్నారు. కాబట్టి కొత్త తొడుగు కుట్టేవాళ్లు హైపలాన్ అంటే పదార్థం పూర్తి పేరు, మందం రాయించుకోండి.

శుభ్రం చేయడం గురించి రెండు మాటలు. గోరువెచ్చని నీళ్లు, కాస్త మెత్తని సబ్బు, స్పాంజి. అంతే. పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ రబ్బరును ఉబ్బిస్తాయి. కారు టైర్లకు, డ్యాష్‌బోర్డుకు పూసే సిలికోన్ స్ప్రేలు వెంటనే మెరుపు ఇస్తాయి, ఆ తర్వాత ఆ ఉపరితలం మీద ఏ జిగురూ నిలవదు. బాగా ఆరాక టాల్క్ పౌడర్ పల్చగా రాయండి. గుడ్డ డెక్ మీద బూజు ఉంటే ముందు ఆరుబయట, మాస్క్ పెట్టుకుని, పొడిగానే మెత్తటి బ్రష్‌తో దులపండి. తడిపితే మరక లోపలికి దిగుతుంది.

చట్రానికి వద్దాం. పాత యూరప్ పడవల్లో పొడవు బద్దలు చాలావరకు ఆష్ కర్ర, రిబ్బులు బర్చ్ ప్లైవుడ్. ఆష్ సాగే గుణం ఉన్న కర్ర, వంగినా త్వరగా విరగదు, కానీ తడిలో ఎక్కువకాలం ఉంటే నల్లబడి కుళ్లుతుంది. ముఖ్యంగా లోహపు బిగింపుల కింద. ప్రతి బిగింపు దగ్గరా గోరుతో నొక్కి చూడండి. గోరు దిగితే అక్కడ పని ఉంది. ప్లైవుడ్ పొరలు విడిపోతుంటే పాత జిగురు నీటికి లొంగే రకం కావచ్చు.

విరిగిన బద్దను మార్చకండి, అతకండి. రెండు చివర్లనూ ఏటవాలుగా కోసి, కనీసం ఒకటికి ఎనిమిది నిష్పత్తిలో అతుకు పొడవు వచ్చేలా కలపాలి. అంటే బద్ద మందం 15 మిల్లీమీటర్లయితే ఏటవాలు పొడవు 120 మిల్లీమీటర్లు. ఇంతకంటే పొట్టిగా కోస్తే వంగినప్పుడు అక్కడే విరుగుతుంది. పన్నెండు రెట్లయితే ఇంకా మంచిది. పడవ నీళ్ల మీదకు వెళ్లేదైతే ఎపాక్సీ వాడండి. ప్రదర్శనకు మాత్రమే అయితే ఎపాక్సీ వద్దు, చేప జిగురు లేదా హైడ్ గ్లూ (జంతు చర్మం నుంచి చేసే జిగురు) చాలు. రేపు మీకంటే బాగా తెలిసినవారు ఎవరైనా తడి, వేడి పెట్టి విప్పుకోగలుగుతారు. కొత్త ముక్క పెట్టాల్సి వస్తే దాని మీద కనపడని వైపు తేదీ రాయండి. పాత కర్ర రంగు వచ్చేలా దానికి రంగు పూయడం నాకు నచ్చదు. అయినా అది మీ ఇష్టం.

వార్నిష్ లేచిపోయిన చోట మాత్రమే 320 నంబరు కాగితంతో మెల్లగా రుద్ది, పడవలకు వాడే యూవీ రక్షణ ఉన్న వార్నిష్ పల్చగా రెండు మూడు పూతలు వేయండి. ముద్రల మీద రుద్దవద్దు, వాటి మీద నేరుగా పల్చటి పూత వేస్తే చాలు. ఆరడానికి చాలా సమయం ఇవ్వండి. ముట్టుకుంటే అంటకపోవడం వేరు, పూర్తిగా గట్టిపడటం వేరు. సరిగా గట్టిపడని వార్నిష్ మీద రబ్బరు బిగిస్తే రెండూ కలిసిపోతాయి, తర్వాత విప్పేటప్పుడు ఏదో ఒకటి చినుగుతుంది. వారాలు ఆగండి. లిన్‌సీడ్ లాంటి నూనెలతో చట్రాన్ని పాలిష్ చేయమని కొందరంటారు. రబ్బరు తగిలే చట్రానికి అది వద్దు. సహజ రబ్బరుకు నూనె పడదు. పైగా ఆ నూనె తుడిచిన గుడ్డల్ని ఉండలు చుట్టి పడేస్తే వాటంతట అవే మంటలు అంటుకోవచ్చు, ఆ ప్రమాదం వేరే.

ఇత్తడి బిగింపుల మీద ఆకుపచ్చ తుప్పును పొడి నైలాన్ బ్రష్‌తో తీసి వదిలేయండి. రాగి, ఇత్తడి తగిలే చోట సహజ రబ్బరు త్వరగా పాడవుతుంది. రబ్బరులోని గంధకం తిరిగి ఆ లోహాల్ని నల్లబరుస్తుంది. అందుకే పాత పడవల్లో లోహం ఒత్తుకున్న చోటే తొడుగు ముందు చిల్లు పడుతుంది. సంచుల్లో దాచేటప్పుడు మధ్యలో నూలుగుడ్డ పెట్టండి.

కొత్త తొడుగు. మీ చట్రం బాగుందనుకుందాం, పాత తొడుగు పరీక్షలో తప్పింది అనుకుందాం. అప్పుడు కొత్తది కుట్టించడమే సరైన దారి. నమూనాకు పాత తొడుగును కుట్లు విప్పి ముక్కలు చేసే అలవాటు కొందరు కుట్టేవాళ్లకు ఉంది, ఒప్పుకోకండి. చట్రాన్ని నిలబెట్టి దాని మీద ప్లాస్టిక్ షీటు పరిచి కొలతలు తీసుకోవచ్చు. ఒక్క జాగ్రత్త: తొడుగు లేని చట్రానికి ఉండే ఆకారం వేరు, బిగించాక ఉండే ఆకారం వేరు. అడుగు బద్ద మధ్యలో కిందికి జారకుండా దాని పొడవునా సమంగా ఆసరా పెట్టాకే కొలవాలి. లేకపోతే అరటిపండులా వంగిన పడవకు సరిగ్గా సరిపోయే తొడుగు తయారవుతుంది.

డెక్‌కు నూలు గుడ్డ వేస్తే చూడ్డానికి పాత పడవలాగే ఉంటుంది, లోపలి తేమ బయటికి పోతుంది. కానీ నూలు తడిసినప్పుడు ముడుచుకుంటుంది, బూజు పడుతుంది. సింథటిక్ గుడ్డ బతుకుతుంది కానీ లోపల చెమట పడుతుంది. వాడుకకు నేను సింథటిక్కే చెప్తాను. పాత రూపం కావాలనుకున్నప్పుడు చూపించడానికి మీ పాత తొడుగు ఎలాగూ ఉంది కదా.

మీరు నీళ్ల మీదకు వెళ్తారు కాబట్టి ఇంకొకటి. మడత కయాక్ లోపల గోడలు ఉండవు, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకటే ఖాళీ. బోల్తా పడితే మొత్తం నిండుతుంది. పక్క గొట్టాలున్నా సరే, ముందు కొసలో ఒకటి, వెనక కొసలో ఒకటి గాలి సంచులు పెట్టాల్సిందే. పాతకాలం వాళ్లు పెట్టుకోలేదు కదా అని వదిలేయకండి. ఇది విప్పగలిగే మార్పే, పైగా బయటికి కనపడదు. లైఫ్ జాకెట్ సంగతి వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

తెరచాప విషయంలో మీరు అనుకున్న దానికంటే సులువు. మడత కయాక్‌లకు కంపెనీలే తెరచాప కిట్లు అమ్మేవి. వాటిని చూస్తే నేర్చుకోవాల్సింది చాలా ఉంటుంది. తెరచాప కొయ్య అడుగు భాగం అడుగు బద్ద మీది గూటిలో కూర్చుంటుంది. పైన ఒక అడ్డపట్టీ ఆ కొయ్యను పట్టుకుని, బరువును రెండు పక్కల పొడవు బద్దలకు పంచుతుంది. పక్కకు జారిపోకుండా ఆపే రెండు పలకలు కాక్‌పిట్ మీదుగా వేసిన ఇంకో అడ్డపట్టీకి వేలాడతాయి, అది బిగింపు మరలతో కాక్‌పిట్ అంచును పట్టుకుంటుంది. ఎక్కడా పడవకు రంధ్రం లేదు. ఆ కిట్ దొరక్కపోతే అదే సూత్రంతో కొత్తగా చేయించుకోండి. బిగింపు దవడలకు తోలు గానీ ఫెల్ట్ గానీ అంటించండి. కాక్‌పిట్ అంచు సన్నటి కర్ర, ఒక్క రంధ్రం వేస్తే గాలి ఒత్తిడికి అక్కడి నుంచే చీలుతుంది. కొనేవాళ్లు కూడా చట్రంలో మొదట చూసేది అలాంటి రంధ్రాలనే. తెరచాప చిన్నదిగా ఉంచండి. మీ చట్రం బలం మీ నైపుణ్యంతో పాటు పెరగదు.

మార్పుల గురించి ఎవరు ఏమన్నా నాకు గుర్తొచ్చే పడవ ఒకటుంది. 1956లో జర్మన్ వైద్యుడు హానెస్ లిండెమాన్ క్లెపర్ ఏరియస్ రెండు సీట్ల పడవలో ఒంటరిగా, 72 రోజుల్లో, కానరీ దీవుల నుంచి అట్లాంటిక్ దాటి కరీబియన్‌లోని సెయింట్ మార్టిన్ చేరాడు. 5.2 మీటర్ల మామూలు మోడల్. ఆయన దానికి తెరచాపలు కట్టాడు, బోల్తా పడకుండా చక్రం ట్యూబ్ ముక్కను పక్క తేలుడుగా కట్టాడు. అలా మార్చిన ఆ పడవ, లైబీరియా 3, ఇప్పుడు మ్యూనిక్‌లోని డాయిషెస్ మ్యూజియంలో ఉంది. మార్పుల వల్ల దాని విలువ తగ్గలేదు సరికదా, అవే దాని చరిత్ర. అంతకుముందు 1928లో ఫ్రాంజ్ రోమర్ కూడా మడత కయాక్‌తో అట్లాంటిక్ దాటాడు, అది ప్రత్యేకంగా చేయించుకున్న పెద్ద పడవ. మీ ఇంటి పెద్దాయన తన పడవకు ఏదైనా కట్టుకుని ఉంటే, చేత్తో కుట్టిన జేబు, వైర్‌తో చేసిన కొక్కెం, మ్యాపు పెట్టుకునే ప్లాస్టిక్, వాటిని పాడైన భాగాలుగా చూసి తీసేయకండి. కంపెనీ పెట్టినవాటికంటే నాకు అవే ముఖ్యం.

ఇక ప్రదర్శన. ఇక్కడే ఎక్కువ పడవలు పాడవుతాయి, నీళ్లలో కాదు.

తొడుగు బిగించిన పూర్తి పడవను ఏళ్ల తరబడి అలాగే వేలాడదీయడం మంచిది కాదు. సాగి ఉన్న రబ్బరే ఓజోన్‌కు ముందు పగులుతుంది. వానాకాలం తేమకు నూలు డెక్ ముడుచుకుని, చట్రం బయటికి రాకుండా పట్టేస్తుంది. తొడుగు చట్రానికి అంటుకుంటుంది. ఎవరో ఒకరు పదేళ్ల తర్వాత విప్పబోతే రిబ్బులు విరుగుతాయి. మీరు ఏడాదికి కొన్నిసార్లయినా విప్పి నీళ్ల మీదకు తీసుకెళ్తారు కాబట్టి కొత్త తొడుగుతో అలా వేలాడదీయడానికి అంత భయం లేదు. అప్పుడు కూడా గాలి గొట్టాలను ఆకారం నిలిచేంత వరకే నింపండి, పూర్తిగా బిగించవద్దు.

వేలాడదీసే పద్ధతి: కొసల్లో ఉండే తాడు ఉచ్చులకు కట్టి వేలాడదీయకండి. అవి పడవను లాగడానికి పెట్టినవి. మొత్తం బరువు రెండు కొసల మీద పడి మధ్య భాగం కిందికి దిగుతుంది. వెడల్పు పట్టీలు రెండు, ఒక్కొక్కటి కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పుతో, ప్రతి కొస నుంచి పొడవులో సుమారు 22 శాతం లోపలికి పెట్టండి. సమంగా బరువున్న కడ్డీ రెండు ఆసరాల మీద దాదాపు అత్యంత తక్కువగా వంగేది అక్కడే. 5.2 మీటర్ల పడవకు అది కొస నుంచి 1.15 మీటర్ల దగ్గర. పడవ కచ్చితంగా సమమైన కడ్డీ కాదు కాబట్టి ఆ కొలతకు దగ్గర్లో ఏ రిబ్బు ఉంటే దాని కింద పట్టీ వేయండి. రెండు రిబ్బుల మధ్య ఖాళీ గుడ్డ మీద వేస్తే పొడవు బద్దలు లోపలికి వంగుతాయి. పట్టీకి, రబ్బరుకు మధ్య పాలిథిలీన్ ఫోమ్ ముక్క పెట్టండి. సోఫాల్లో వాడే స్పాంజి వద్దు, అది కాలక్రమేణా పొడై, జిగురై అంటుకుంటుంది. ఇద్దరు కూర్చునే పడవ 30 కిలోల వరకు తూగవచ్చు. కింద మనుషులు కూర్చుంటారు కాబట్టి కొక్కేలను ఒక్కొక్కటి మొత్తం బరువును మోయగలిగేలా, స్లాబులోకే దింపించండి. ఫాల్స్ సీలింగుకు కాదు.

నాకైతే మీ హాల్లో పూర్తి పడవ అక్కర్లేదనిపిస్తుంది. తొడుగు వేసి పైన కట్టిన మడత కయాక్ కింది నుంచి చూసేవాడికి మామూలు పడవే, మడత పడేదని ఎలా తెలుస్తుంది? దాని అందమంతా లోపల ఉంది. ఈ చట్రాలు ముందు సగం, వెనక సగం విడివిడిగా కట్టి మధ్యలో కలిపేవి. ముందు సగం ఒక్కదాన్నే కట్టి, తొడుగు లేకుండా, గోడ పక్కన అడ్డంగా పెట్టండి. రెండున్నర, మూడు మీటర్ల చోటు చాలు. బద్దలు ఎలా వంగి ఒక మొనకు చేరుతున్నాయో, రిబ్బుల్లోకి ఎలా కూర్చుంటున్నాయో అంతా కనపడుతుంది. తొడుగు బిగింపు లేదు కాబట్టి కీళ్లు వదులుగా ఉంటాయి. నూలు నాడాతో రెండు మూడు చోట్ల కట్టండి, వైరు వద్దు. అడుగు బద్ద కింద పొడవునా సన్నటి చెక్క ఆసరా పెట్టండి. దాని పక్కనే ఆ రెండు సంచులు, తెడ్డు. పాత తొడుగు ఒక గొట్టానికి చుట్టి, డెక్ అంచు కాస్త బయటికి కనపడేలా. ఇది ఎవరికీ వివరించాల్సిన పని ఉండదు, పిల్లలకు కూడా అర్థమవుతుంది. వెనక సగం మంచం కింద ఉంటుంది. నీళ్ల మీదకు వెళ్లే రోజు రెండూ తీసుకుని వెళ్తారు.

పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు వేసి చట్రం కనపడేలా ప్రదర్శించే ఆలోచన ఒకటి తిరుగుతోంది. ఫొటోల్లో అదిరిపోతుంది. పారదర్శక పీవీసీ ఎండకు పచ్చబడుతుంది, దానిలోని మెత్తదనం ఇచ్చే రసాయనం బయటికి వచ్చి వార్నిష్‌ను మెత్తబరుస్తుంది. కొన్ని రోజుల ప్రదర్శనకైతే సరే.

వెలుతురు విషయం: గుడ్డకూ, రబ్బరుకూ రెండిటికీ ఎండ శత్రువే. మ్యూజియాలు గుడ్డ వస్తువులకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకుండా చూస్తాయి. ఇంట్లో అంత చీకటి కుదరదు. కనీసం నేరుగా ఎండ పడే గోడను వదిలేయండి, కిటికీ అద్దానికి యూవీ ఫిల్మ్ వేయించండి, పడవ మీదకు ప్రత్యేకంగా లైటు పెడితే దాన్ని అవసరమైనప్పుడే వేయండి. తేమ 50 శాతం దగ్గర ఉంటే మంచిది. అంతకంటే ముఖ్యం అది రోజూ పైకీ కిందికీ ఊగకపోవడం. ఏసీ గాలి నేరుగా తగిలే చోట చెక్క పెట్టకండి. మోటార్లు, జిరాక్స్ మిషన్లు ఉన్న గదిలో ఓజోన్ ఎక్కువ, రబ్బరు అక్కడ వద్దు.

పాత తొడుగును దాచేటప్పుడు మడత పెట్టకండి. ఏళ్ల తరబడి ఒకే మడతలో ఉన్న పట్టుచీర ఆ మడతలోనే చినిగినట్టు ఇదీ అక్కడే పగులుతుంది. కనీసం 15 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టానికి, రబ్బరు వైపు బయటికి వచ్చేలా కాకుండా డెక్ వైపు బయటికి వచ్చేలా, మధ్యలో నూలుగుడ్డ వేసి చుట్టండి. ప్లాస్టిక్ సంచిలో మూట కట్టవద్దు, లోపలి తేమ అక్కడే ఉండిపోతుంది. అటక మీది వేడి కూడా పనికిరాదు. ఇన్నేళ్లు అక్కడే ఉంది కదా అంటారేమో. అందుకే దాని రబ్బరు పరీక్షించమంటున్నా.

తీసేసిన ప్రతి చిన్న స్క్రూకూ, బటనుకూ నూలు దారంతో చీటీ కట్టండి. పెన్సిల్‌తో రాయండి, ఇంకు కారుతుంది. ఏం మార్చారో, ఏ జిగురు వాడారో, ఎప్పుడో ఒక కాగితం మీద రాసి సంచి జేబులో పెట్టండి.

ప్రస్తుతానికి మూడు ఫొటోలు పెట్టండి: రిబ్బుల మీద అంకెలు గానీ ముద్ర గానీ, వంచిన అంచు దగ్గర రబ్బరు, అడుగు బద్ద మధ్యలో రెండు సగాలు కలిసే లోహపు కీలు. ఆ కీలును చూస్తే తయారీదారు ఎవరో చాలావరకు చెప్పవచ్చు. అది తేలేదాకా వార్నిష్ డబ్బా మూత తీయకండి, తెరచాప కొయ్యకు ఆర్డర్ ఇవ్వకండి. అడుగు బద్ద మీద గూడు ముందే ఉండి ఉండవచ్చు, దాని కొలతకే కొయ్య చేయించాలి.